రాత్రి ఏడైతే మీటింగ్‌లో నా మాట ముక్కలవుతోంది, కేబుల్ నెట్ మార్చేయాలా?

విశాఖపట్నం పెదవాల్తేరు నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. ఆవిడ అమెరికా ఆసుపత్రుల బిల్లింగ్ చూసే కంపెనీలో పనిచేస్తారు. సాయంత్రం 5 నుంచి రాత్రి 2 దాకా డ్యూటీ, ఇంటి నుంచే. రాత్రి ఏడు, ఏడున్నర అయ్యేసరికి నెట్ ఆగి ఆగి నడుస్తుంది. మీటింగ్‌లో అవతలివాళ్ల మాట ఆవిడకి బాగానే వినిపిస్తుంది, ఆవిడ మాటే వాళ్లకి ముక్కలు ముక్కలుగా వెళ్తుంది. పదకొండు దాటాక మళ్లీ సర్దుకుంటుంది. వాన పడితే మాత్రం వేళాపాళా లేదు, మోడెం మీద లైట్లన్నీ ఆరిపోయి మళ్లీ వెలుగుతుంటాయి. కట్టేది 100 ఎంబీపీఎస్ ప్లాన్‌కి. మేడ మీద వెనక గదిలో కూర్చుని ఫోన్లో స్పీడ్ టెస్ట్ పెడితే పగలు 20, రాత్రి 4 లేదా 5 చూపిస్తుంది. మోడెం ఉన్నది కింద హాల్లో, టీవీ వెనక షెల్ఫ్‌లో. స్తంభం నుంచి కేబుల్ డాబా మీదకి వచ్చి, అక్కడ చిన్న స్ప్లిటర్ దగ్గర మూడుగా చీలి, రెండు టీవీలకీ మోడెంకీ వెళ్తుంది.

ఇదొక ఎత్తు, ఇంట్లో గొడవ ఇంకో ఎత్తు. కేబుల్ ఆపరేటర్ మామగారికి పాత స్నేహితుడు, ఇంటిల్లిపాదీ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. 2014లో హుద్‌హుద్ తుఫానుకి ఊరంతా కకావికలమైనప్పుడు వీధిలో మొదట వీళ్లింటికే మళ్లీ లైన్ లాగి ఇచ్చిన మనిషి. కనెక్షన్ మారుస్తామంటే మామగారు ససేమిరా అంటున్నారు. ‘‘నెట్ బాగానే ఉంది, నీ లాప్‌టాపే పాతది’’ అంటారు. స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టులు చేసే భర్త ‘‘రేపే పీకించేద్దాం’’ అంటారు. కేబుల్ తీసేస్తే సీరియళ్లు పోతాయని అత్తగారి బెంగ. బాబాయ్ పగటిపూట వచ్చి, మోడెం ఆపి, మళ్లీ వేసి, ‘‘ఇప్పుడు చూడమ్మా’’ అని వెళ్లిపోతారు. బాబాయ్‌కి నెట్ ఇచ్చే కంపెనీ కాల్ సెంటర్‌వాళ్లేమో 200 ప్లాన్‌కి మారమంటున్నారు. ఇంకోసారి ఇలాగైతే రోజూ ఆఫీసుకే రావాల్సి ఉంటుందని టీమ్ లీడ్ చెప్పేశారట. ఇంట్లో నాలుగేళ్ల బాబు ఉన్నాడు. ‘‘ఎవరి మాట వినను? నెట్ కోసం ఇంట్లో మాటలు పడలేక ఏడుపొస్తోంది’’ అని ముగించారు.

అమ్మా, మీ ఉత్తరంలో నాకు ఒకటి కాదు, మూడు లోపాలు కనిపిస్తున్నాయి. మూడింటినీ కలిపి ‘నెట్ స్లో’ అంటున్నారు కాబట్టే ఇంట్లో తలో మాటా వస్తోంది. నిజానికి అందరి మాటలోనూ కొంత నిజం ఉంది. మూడింటినీ విడదీస్తే ఏది ఎవరు బాగుచెయ్యాలో తేలుతుంది. గొడవలో సగం అక్కడే తగ్గుతుందని నా నమ్మకం. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. ఇంట్లో కూర్చుని చేసినా ఉద్యోగం ఉద్యోగమే. మీకు సరైన లైన్ కావాలని అడగడం మారాం చెయ్యడం కాదు, స్నేహాన్ని తెంచమనడమూ కాదు.

మొదటిది వైఫై. పగలు, ఎవరూ వాడని వేళ కూడా మీ గదిలో 20 మించట్లేదు. మోడెం కింద హాల్లో, టీవీ వెనక ఉంది. మీ గది పైన, వెనక వైపు. మధ్యలో ఇనుప చువ్వల శ్లాబు, రెండు మూడు గోడలు. వైఫై రెండు రకాలుగా వస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి దూరం వెళ్తుంది కానీ వేగం తక్కువ. పైగా అందులో ఒకదానికొకటి అడ్డం రాని చానళ్లు 1, 6, 11 మాత్రమే, ఇళ్లు ఆనుకుని ఉన్న మీ వీధిలో పక్కింటి రూటర్లన్నీ వాటిలోనే ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడ అడ్డమొస్తే నీరసపడిపోతుంది. కాబట్టి మీ గదిలో ఫోన్ చూపించే అంకె కంపెనీ ఇచ్చే స్పీడు కాదు, మీ గోడలు దాటి మిగిలిన స్పీడు. దాన్ని పట్టుకుని బాబాయ్‌తో వాదిస్తే ఆయన హాల్లో మోడెం పక్కన నిలబడి టెస్ట్ చేసి చూపిస్తారు, మీరు ఓడిపోతారు. మామగారి ‘బాగానే ఉంది’ కూడా హాల్లోంచి వచ్చిన మాటే అయ్యుంటుంది.

అందుకని ముందు లాప్‌టాప్‌ని లాన్ వైరుతో నేరుగా మోడెంకి తగిలించి టెస్ట్ చెయ్యండి. లాప్‌టాప్‌కి లాన్ పోర్టు లేకపోతే యూఎస్‌బీ కన్వర్టర్ కంప్యూటర్ షాపుల్లో దొరుకుతుంది. ఆ కాసేపూ మిగతా ఫోన్ల వైఫై ఆపించండి. తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఎనిమిదిన్నర తొమ్మిది మధ్య ఒకసారి. డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (అవతలి నుంచి జవాబు రావడానికి పట్టే సమయం) మూడూ ఒక కాగితం మీద రాయండి, పక్కన వాన ఉందో లేదో కూడా. పగలు వైరు మీద 90 పైన వచ్చిందంటే తప్పు పాత లాప్‌టాప్‌ది కాదని తేలిపోతుంది, పగటి బాధ వైఫైదేనని కూడా తెలిసిపోతుంది. వైరు మీద కూడా 20 దగ్గరే ఆగిపోతే లాప్‌టాప్‌కో లైన్‌కో లోపం ఉన్నట్టు. అప్పుడు ఇంకో లాప్‌టాప్ అరువు తెచ్చి చూస్తే అదీ తేలుతుంది.

వైఫైకి మందు మీ చేతిలోనే ఉంది. హాల్లో మోడెం నుంచి మీ గదికి ఒక లాన్ వైరు లాగించుకోవడం ఒక దారి, 100 మీటర్ల దాకా దాంట్లో స్పీడు తగ్గదు. రెండోది నాకు ఇంకా నచ్చిన దారి. కేబుల్ ఎలాగూ డాబా మీద నుంచే దిగుతోంది, మీ గది డాబాకి దగ్గర. మోడెంనే మీ గదిలోకి మార్పించండి. వైరు పొడవూ తగ్గుతుంది. కాకపోతే అప్పుడు కింద అత్తగారి యూట్యూబ్ నీరసపడుతుంది. కింద ఇంకో రూటర్ పెట్టి వైరుతో కలిపితే ఆవిడకీ ఇబ్బంది ఉండదు. అది చెప్పకుండా మోడెం పైకి తీసుకెళ్తే మాత్రం ఇంట్లో ఇంకో గొడవ మొదలవుతుంది.

రెండోది, అసలు ముఖ్యమైనది, డాబా మీద ఉంది. మీరు రాసిన ఒక్క వాక్యం దాన్ని పట్టిచ్చింది. వాళ్ల మాట మీకు వినిపిస్తోంది, మీ మాట వాళ్లకి వెళ్లట్లేదు. అంటే వచ్చే దారి కంటే పోయే దారి, అప్‌లోడ్, దెబ్బతింది. మీటింగ్‌లో మాటకి కావాల్సింది ఒక ఎంబీపీఎస్‌లో పదో వంతు, అంతే. రాత్రి మీకొచ్చే 4 లేదా 5 కూడా మాటకి ఎక్కువే. అందుకే ఇది స్పీడు చాలకపోవడం కాదు, మధ్యమధ్యలో తెగిపోవడం అని నా అనుమానం.

కేబుల్ నెట్‌లో పోయే సిగ్నల్ కింది ఫ్రీక్వెన్సీల్లో వెళ్తుంది. వదులైన పిన్నుల్లోంచీ తెగిన వైర్లలోంచీ చొరబడే రొదంతా చేరేది కూడా అక్కడే. ఒక్క మీ ఇంటి రొదే కాదు, ఆ లైన్ మీదున్న ఇళ్లన్నిటి రొదా కలిసి వెనక్కి ప్రవహిస్తుంది. ఇక స్ప్లిటర్. సిగ్నల్‌ని రెండుగా చీలిస్తే ఒక్కో పాయలో 3.5 డెసిబెల్స్ పోతాయి, సగం కంటే కాస్త ఎక్కువే పోయినట్టు. మూడు పాయల వాటిలో కొన్నిటికి ఒక పోర్టు దగ్గర 3.5 అనీ, మిగతా రెండిటి దగ్గర 7 అనీ రాసి ఉంటుంది. మీ మోడెం వైరు 7 అని ఉన్న పోర్టులో ఉంటే, పోయిన సిగ్నల్‌కి బదులుగా మోడెం తన శక్తంతా పెట్టి పంపాలి. హద్దు దాటితే వదిలేసి మళ్లీ మొదటి నుంచి కలుపుకుంటుంది. లైట్లు ఆరి వెలగడం అదే.

దానికి మన సముద్రం గాలి తోడు. పెదవాల్తేరు, లాసన్స్ బే, జాలారిపేట వైపు కిటికీ చువ్వలు ఎంత తొందరగా తుప్పు పడతాయో మీకు నేను చెప్పక్కర్లేదు. డాబా మీద స్ప్లిటర్ దగ్గరకి బాబాయ్‌తో కలిసి మీరూ వెళ్లి చూడండి. సాధారణంగా కనిపించేది ఇది. నల్ల టేపు ఎండకి పొడిబారి అంచు లేచి ఉంటుంది. పిన్ను తిప్పి తీస్తే లోపల మెరవాల్సిన రాగి తీగ మీద పచ్చగా చిలుం, దాని చుట్టూ ఉండే జాలీ తీగల మీద తెల్లటి పొడి. వాన నీరు ఆ జాలీ వెంట కేబుల్ లోపలికి పాకుతుంది. పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల తడి ఉంటుంది. వానకి మీ మోడెం లైట్లు ఆరిపోవడానికి ఇంతకంటే దగ్గర కారణం నాకు తోచట్లేదు.

ఇదంతా బాబాయ్ ఒక్క పూటలో చెయ్యగలిగిన పని. ఏమేం అడగాలో చెప్తాను. స్తంభం నుంచి ఇంటికి వచ్చే కేబుల్ పాతదైతే కొత్తది లాగమనండి. పాత పిన్నులు కోసేసి కొత్తవి బిగించమనండి. ముందుగా రెండు పాయల స్ప్లిటర్ పెట్టి ఒక పాయ నేరుగా మోడెంకి, రెండో పాయని మళ్లీ చీల్చి టీవీలకి ఇమ్మనండి. ఖాళీ పోర్టు ఉంటే దానికి మూత, అంటే టెర్మినేటర్, బిగించమనండి. స్ప్లిటర్‌ని వాన తగలని డబ్బాలో పెట్టి, కేబుల్ ఇంట్లోకి వచ్చే ముందు కాస్త కిందికి వంపు తిరిగేలా కట్టమనండి, నీటి చుక్కలు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. టేపు చుట్టి వెళ్లిపోతే మాత్రం వచ్చే వానకి మళ్లీ ఇదే కథ. ఒక్క జాగ్రత్త, స్తంభం దగ్గర పని ఆయన మనుషులదే. మీ ఇంట్లోవాళ్లెవరూ అటు చెయ్యి పెట్టొద్దు, కరెంటు వైర్లు పక్కనే ఉంటాయి.

పని అయ్యిందో లేదో తెలుసుకోవడానికి ఒక మార్గం ఉంది. చాలా కేబుల్ మోడెంలలో బ్రౌజర్‌లో 192.168.100.1 అని కొడితే సిగ్నల్ పేజీ తెరుచుకుంటుంది. కొన్ని కంపెనీలు దాన్ని మూసేస్తాయి, అప్పుడు ఆ అంకెలు చెప్పమని కాల్ సెంటర్‌ని అడగండి. డౌన్‌స్ట్రీమ్ పవర్, అంటే మీకు వచ్చే సిగ్నల్ బలం, సున్నాకి ఏడు అటూ ఇటూగా ఉంటే మంచిది. ఎస్ఎన్ఆర్, అంటే రొదతో పోలిస్తే సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెప్పే అంకె, 33 పైన ఉండాలి. అప్‌స్ట్రీమ్ పవర్, అంటే మోడెం పంపే సిగ్నల్ బలం, 50కి చేరుతుంటే మోడెం తన శక్తి హద్దుకి దగ్గరగా పంపుతోందని అర్థం. రిపేరుకి ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో తీసుకోండి. ‘ఇప్పుడు చూడమ్మా’ అన్నప్పుడు మీరు చూడాల్సింది ఆ పేజీ.

మూడోది రాత్రి రద్దీ. ఏడు నుంచి పదకొండు దాకా బాధ, తర్వాత హాయి. ఇంట్లో ఏదీ మారకుండా గడియారంతో పాటు నెట్ మారుతోందంటే అది ఎక్కువగా వీధిలో అందరూ ఒకేసారి వాడటం వల్లే. మున్సిపాలిటీ కుళాయి పొద్దున్నే అందరూ తిప్పితే చివరి ఇంటికి సన్నటి ధార వచ్చినట్టే. కేబుల్ నెట్‌లో ఒక నోడ్, అంటే పేటలో కొన్ని ఇళ్లకి కలిపి నెట్ పంచే కంపెనీ డబ్బా, కింద ఉన్న ఇళ్లన్నీ అదే సామర్థ్యాన్ని పంచుకుంటాయి. దాన్ని పెంచాలంటే చానళ్లు కలపాలి, లేదా నోడ్‌ని రెండుగా విడగొట్టాలి. రెండూ పై కంపెనీ చేతిలో పనులు. బాబాయ్ ఆ కంపెనీ దగ్గర నెట్ తీసుకుని మీకు ఇస్తున్నారంతే, ఆయన తలకిందులుగా తపస్సు చేసినా రాత్రి రద్దీ తగ్గించలేరు. మామగారికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి. కంపెనీ మీద ఫిర్యాదు పెడితే అది ఆయన స్నేహితుడి మీద పెట్టినట్టు కాదు. నాలుగిళ్లు రాతపూర్వకంగా అడిగితే కంపెనీని గట్టిగా అడగడానికి బాబాయ్‌కి కూడా ఆధారం దొరుకుతుంది.

మీ రాత్రి బాధలో రద్దీ ఎంత, ఇంటి వైఫై ఎంత అన్నది చిన్న పరీక్షతో తేలుతుంది. రాత్రి మీటింగ్ టైములో మీ గదిలోంచి లాప్‌టాప్‌లో రూటర్‌కి, అంటే ఇంట్లో వైఫై ఇచ్చే డబ్బాకి, పింగ్ పెట్టండి, తెర మీద ఇంకో విండోలో 8.8.8.8కి, అంటే బయట ఉన్న గూగుల్ సర్వర్‌కి, పెట్టండి. రూటర్ దగ్గరి నుంచే జవాబు ఆలస్యంగా వస్తుంటే తప్పు వైఫైది. రూటర్ వెంటనే పలికి బయటిది మాత్రం వందల మిల్లీసెకన్లకి పోతుంటే, మధ్యలో కొన్ని తప్పిపోతుంటే, తప్పు లైన్‌ది. ఇది మీవారికి ఇస్తే ఆయన చేసి పెడతారు, రేపే పీకించేద్దామనే ఊపుని కాస్త పనికొచ్చే వైపు తిప్పినట్టూ ఉంటుంది.

200 ప్లాన్ సంగతి. నేనైతే ఇప్పుడు తీసుకోమని చెప్పను. పగలు వైరు మీద 100 వస్తూ రాత్రి 5కి పడిపోతుంటే, 200 తీసుకున్నా రాత్రి అంతే వస్తుంది, బిల్లు మాత్రమే పెరుగుతుంది. నెలాఖర్లో రోజంతా నీరసంగా ఉంటే డేటా పరిమితి దాటిందేమో చూడాలి, కానీ మీరు చెప్పిన గుర్తులు అలా లేవు.

ఇప్పుడు మీ ముందున్న దారులు. బాబాయ్‌తో లైన్ బాగుచేయించుకుని, వైఫై సర్దుకుని, ఇదే కనెక్షన్‌తో ఉండటం ఒకటి. ఖర్చు తక్కువ, ఇంట్లో ఎవరి మనసూ కష్టపడదు. వాన బాధ, పగటి బాధ దీంతో పోయే అవకాశం ఎక్కువ. రాత్రి రద్దీ మాత్రం మిగిలిపోవచ్చు, మీ ఉద్యోగం నడిచేది సరిగ్గా ఆ వేళలోనే. కాబట్టి ఇది చేసి వదిలేస్తే మీకు పూర్తి న్యాయం జరిగినట్టు కాదు.

కంపెనీకి ఫిర్యాదు పెట్టడం రెండోది. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా ఫిర్యాదు నంబరు తీసుకోండి, మీ కాగితంలో అంకెలు మెయిల్ చెయ్యండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీలో అప్పీలు వినే అధికారి ఉండాలి, అప్పీలుకి రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ నేరుగా ఒక్కొక్కరి ఫిర్యాదు వినదు, అక్కడికి రాసి ఎదురుచూడొద్దు. ఫిర్యాదులో ‘బ్రాడ్‌బ్యాండే రావట్లేదు’ అని రాయొద్దు. 2023 నుంచి 2 ఎంబీపీఎస్ ఉంటే అది బ్రాడ్‌బ్యాండ్ కిందే లెక్క, ఆ ఒక్క మాటతో మిమ్మల్ని పంపించేస్తారు. ‘100 ప్లాన్‌కి డబ్బు తీసుకుని, వైరు మీద, ఫలానా తేదీల్లో, ఫలానా గంటల్లో ఇంతే ఇచ్చారు’ అని రాయండి. అప్పటికీ కదలకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది, ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. టెలికాం సేవల మీద అక్కడికి వెళ్లొచ్చని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది, మీరు కట్టిన డబ్బు 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. కానీ నెలలు పడుతుంది. మీ టీమ్ లీడ్ అన్నాళ్లు ఆగరు. హక్కుగా ఫిర్యాదు పెట్టండి, ఉద్యోగాన్ని మాత్రం దాని మీద ఆధారపడనివ్వకండి.

మూడోది, టీవీ కేబుల్ బాబాయ్ దగ్గరే ఉంచి, నెట్ మాత్రం వేరే కంపెనీ ఫైబర్ తీసుకోవడం. మీ ఇంట్లో ఈ రెండింటినీ ఎవరూ విడదీసి చూడలేదని ఉత్తరం చదివితే అనిపించింది. అత్తగారి సీరియళ్లు ఎక్కడికీ పోవు, బాబాయ్ నెలనెలా ఇంటికొచ్చి మామగారితో టీ తాగడమూ ఆగదు. కాకపోతే ఆయనకి నెట్ తాలూకు డబ్బు తగ్గుతుంది, ఆ నొప్పి లేదని నేననను. అందుకే ఆయనకి బాగుచేసే అవకాశం ఇచ్చాకే ఈ పని చెయ్యండి. ఫైబర్‌లో కూడా పంపకం ఉంటుంది, ఒక తీగ మీద 32, 64 ఇళ్లు ఉండొచ్చు. అందుకని మీ వీధిలో అదే కంపెనీ వాడేవాళ్లని రాత్రి తొమ్మిదికి ఎలా ఉంటుందో అడగండి. ఫైబర్ ఇంట్లోకే వస్తుందా, లేక స్తంభం దాకా వచ్చి అక్కడి నుంచి మామూలు లాన్ వైరా అన్నది కూడా అడగండి. ఆరు నెలలకో ఏడాదికో ముందే కట్టించుకుంటామంటే ఒప్పుకోవద్దు, మొదటి వానలు దాటేదాకా నెలకి నెల కట్టండి.

ఉన్నదంతా తీసేసి పూర్తిగా మారిపోవడం నాలుగోది. సాంకేతికంగా దానివల్ల మూడో దారి కంటే మీకు ఎక్కువ వచ్చేదేమీ లేదు, ఇంట్లో పోగొట్టుకునేది మాత్రం చాలా ఉంది.

ఈలోగా టీమ్ లీడ్‌కి ఈ రోజే రెండు ముక్కలు రాయండి. లైన్ లోపం ఫలానా అని తేలింది, రిపేరు ఫలానా రోజు, అప్పటిదాకా మీటింగులు ఫోన్ హాట్‌స్పాట్ మీద చేస్తాను అని. మాట వరకే అయితే ఫోన్ డేటా పెద్దగా ఖర్చవదు, వీడియో ఆపేసుకోండి. మీ గదిలో ఏ సిమ్‌కి సిగ్నల్ బాగుంటుందో ముందే చూసి పెట్టుకోండి.

బాబాయ్‌ని ఈసారి పగలు కాదు, రాత్రి ఎనిమిదిన్నరకి రమ్మనండి. మామగారి చేత పిలిపించండి, భోజనానికే పిలవండి. వైరు తగిలించిన లాప్‌టాప్ ముందు బాబాయ్‌నీ మామగారినీ కూర్చోబెట్టి టెస్ట్ చూడనివ్వండి. పగటిపూట నెట్ చూసి వెళ్తున్న మనిషికి మీ బాధ ఎంతటిదో ఇప్పటిదాకా కళ్లారా తెలియదు, మామగారికీ తెలియదు. డాబా మీద పని అయ్యాక ఒక వాన, ఒక రెండు వారాల రాత్రులు చూడండి. వైరు మీద రాత్రి అంకెలు అప్పటికీ పడిపోతుంటే కాగితం మామగారి చేతికే ఇచ్చి మూడో దారి గురించి మీవారి చేత మాట్లాడించండి. ఆ అంకెలు నాకూ రాసి పంపండి, ముఖ్యంగా అప్‌స్ట్రీమ్ పవర్ ఎంత నుంచి ఎంతకి వచ్చిందో.